కామేశ్వరమ్మగారి గోడ మీద రంగు

దయ్యాలంటే నాకు మొదట్నించీ వెటకారమే. రంగుల పనిలో ముప్పై ఏళ్ళు గడిపినవాణ్ణి. ఎవరూ అడుగుపెట్టని ఖాళీ ఇళ్ళలో ఒంటరిగా పని చేశాను, అక్కడే చాప పరుచుకుని పడుకున్నాను. బల్లులు, బొద్దింకలు తప్ప నాకేమీ ఎదురుపడలేదు. అలాంటి కబుర్లు చెప్పేవాళ్ళని "ఊరుకోండి సార్, పనీపాటా లేక" అని మొహం మీదే అనేసేవాణ్ణి. అందుకే ఈ సంగతి మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

తొంభైల చివర్లో మాట. హనుమాన్ జంక్షన్ దగ్గర రిటైరైన వాళ్ళ కోసం కొత్తగా వరసన గదులు కట్టారు. లోపలి రంగుల పని నాకొచ్చింది. ఎవరి గది రంగు వాళ్ళే ఎంచుకోవచ్చని మేనేజరుగారు ముందే మాటిచ్చేశారు. ఇక చూడండి నా పాట్లు! గవర్నర్‌పేట కొట్లోంచి తెచ్చిన షేడ్ కార్డు చేతులు మారీ మారీ నలిగిపోయింది. పోస్ట్‌మాస్టరుగా చేసిన ఒకాయనైతే మూడుసార్లు మనసు మార్చుకుని, చివరికి తెలుపే వెయ్యమన్నారు.

ఆఖరి గది కామేశ్వరమ్మగారిది. బందరులో టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. గది తయారయ్యేదాకా ఆఫీసు పక్కన ఉంటున్నారు. ఆవిడ షేడ్ కార్డు ముట్టుకోనేలేదు.

"పెళ్ళయిన కొత్తలో బందర్లో మేం అద్దెకున్న ఇంటి ముందుగది రంగు కావాలి బాబూ," అన్నారు. "లేత తమలపాకుని బోర్లా తిప్పితే ఉంటుందే, అలా. ఇంకాస్త తెల్లగా."

"ఓస్, అంతేనా అమ్మగారూ! రెండ్రోజుల్లో కలిపేస్తా," అన్నాను. నా నోటి దురద.

అప్పుడు చెప్పారావిడ. గ్లకోమా అట. చూపు చుట్టూతా మూసుకుంటూ వస్తోంది, ఎదురుగా కొంచెం మాత్రమే కనిపిస్తోంది. అదీ ఎక్కువ రోజులుండదని డాక్టరు తేల్చేశాడు. పూర్తిగా పోయేలోగా ఆ రంగు ఒక్కసారి చూడాలి, ఇంకేమీ అక్కర్లేదు అన్నారు.

రంగులు కలిపే మెషిన్లు అప్పటికి మా దాకా రాలేదు. తెల్ల డిస్టెంపర్లో రంగు చుక్కలు వేసి, చేత్తో కలిపి, గోడ మీద కొంచెం పూసి, ఆరాక చూపించడమే. ఎనిమిది రోజుల్లో పదకొండు పూతలు వేశాను. ప్రతిసారీ ఆవిడ కుర్చీ గోడ దగ్గరికి లాక్కుని, తల అటూ ఇటూ తిప్పుతూ వెతుక్కుని చూసేవారు. "దగ్గరికొచ్చింది బాబూ, కానీ ఇది కాదు," అనేవారు నొచ్చుకుంటూ. రోజురోజుకీ ఆ వెతుక్కోవడం ఎక్కువవుతోంది. నా మీద నాకే ఒళ్ళు మండిపోయేది. చేతగాని వెధవా, ఎందుకు మాటిచ్చావురా అని తిట్టుకునేవాణ్ణి.

తొమ్మిదో రోజు శుక్రవారం. నా మనుషులిద్దరూ గన్నవరంలో వేరే పని మీద ఉన్నారు. పొద్దున్నే పాత పూతలన్నీ ఎమరీ పేపరుతో రుద్ది తీసేసి, గోడంతా తుడిచాను. బోసి గోడ. ఇది ఎవరడిగినా కచ్చితంగా చెప్పగలను. పూతలు ఆరకముందే ఎవరో ఒకరు వచ్చి తాకుతున్నారని గదికి నా సొంత తాళమే వేసేవాణ్ణి. ఆ రోజూ వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, జంక్షన్‌లో జుమ్మా నమాజుకి వెళ్ళాను. గంటన్నరలో తిరిగొచ్చాను.

తాళం తీసి చూస్తే గోడ మధ్యలో మూరెడు మేర రంగు వేసి ఉంది.

తాకాను. ఆరిపోయి ఉంది. వేలికి పొడి అంటింది. అది డిస్టెంపర్ కాదు, సున్నం. వెనకటి రోజుల్లో సున్నంలో రంగు కలిపి వేసేవాళ్ళే, ఆ పూత. సున్నం తడి మీద ఒకలా ఉంటుంది, ఆరి అసలు రంగు తేలాలంటే మర్నాటి దాకా ఆగాలి. గంటన్నరలో అయ్యే పని కాదు. పైగా ఆ ఆవరణ మొత్తం వెతికినా పిడికెడు సున్నం లేదు. కిటికీలకి లోపల వేసిన గడియలు వేసినట్టే ఉన్నాయి.

ఇంతలో చేతికర్ర చప్పుడైంది. కామేశ్వరమ్మగారు తల తిప్పుకుంటూ, వెతుక్కుంటూ లోపలికొచ్చి గోడ ముందు ఆగారు. ఆ తర్వాత ఆవిడ తల కదల్లేదు.

"ఇదే," అన్నారు.

చాలాసేపు చూశారు. కన్నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. తర్వాత నా చెయ్యి తడిమి పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. అది నేను వెయ్యలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సిగ్గేసింది, భయమూ వేసింది.

గోడంతా అదే రంగు వేద్దామని మర్నాడు సున్నం తెచ్చి మరీ కలిపాను. కుదరలేదు. "వద్దు బాబూ, నాకున్న చూపుకి ఇది చాలు," అన్నారావిడ. మంచం ఆ గోడకెదురుగా వేయించుకున్నారు. నెల తిరక్కుండానే ఆ చూపూ పోయింది.

రెండేళ్ళ తర్వాత అక్కడే వరండా పని మీద వెళ్ళి ఆవిణ్ణి పలకరించాను. గొంతు గుర్తుపట్టి ఎంతో సంతోషపడ్డారు. ఆ కబురూ ఈ కబురూ అయ్యాక మామూలుగా అడిగారు.

"మీ పెద్దాయన బాగున్నారా బాబూ?"

"ఏ పెద్దాయన అమ్మగారూ?"

"అదేనయ్యా, ఆ రోజు గోడ పక్కన నిలబడి చేతులు తుడుచుకుంటున్నారే, పంచె ఎగ్గట్టుకుని. నేను లోపలికొస్తుంటే కనిపించారు. ఆ రంగు చూసిన సంతోషంలో ఆయనతో ఒక్క మాటైనా అనలేదు. అదొక్కటే నాకు బాధ. నా దణ్ణాలు చెప్పానని చెప్పు."

ఆ రోజు ఆ గదిలో నేనూ ఆవిడా తప్ప మూడో మనిషి లేడు. అల్లా మీద ఒట్టు, లేడు.

"అలాగేనమ్మగారూ, చెప్తాను," అన్నాను.

ఆవిడ పోయి ఏళ్ళయింది. ఆ మనిషెవరో, తాళం వేసిన గదిలోకి ఎలా వచ్చాడో, ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఆవిడ పంపిన దణ్ణాలు ఎవరికివ్వాలో తెలియక ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.