అనంతగిరి ఘాటు, నాలుగు ప్లగ్గులు

సెంటీమీటరు దాకా చదివి, మిల్లీమీటరు వచ్చే ముందురోజు బడి మానేసిన మనిషిని నేను. అయినా తాండూరులో నాపరాళ్ళు కోసేవాడికి స్కేలుతో పనేముంది? బండ మందం ఎంతో బొటనవేలు ఆనించి చెప్పేస్తాను. ఆ గర్వంతోనే ఒకసారి కారుకు స్పార్క్ ప్లగ్గులు మార్చాను.

నాది పాత టర్బో పెట్రోలు కారు. చదును రోడ్డు మీద ఊరేగింపులో పెళ్ళికొడుకులా పోతుంది, అనంతగిరి ఘాటు ఎక్కమంటే మాత్రం దగ్గుతుంది. వికారాబాదు పుట్టింటికి బయలుదేరిన మా ఆవిడ రెండుసార్లు ఘాటు మధ్యలో దిగి బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆపైన తీర్పు చెప్పేసింది.

“ఈ ఆదివారం గిన ఆగిందనుకో, బండి అమ్ముడే. పరిగిల మా తమ్ముడు కొనే మనిషిని గూడ చూసి పెట్టిండు.”

నాకు ఆ కారంటే ప్రాణం. శనివారం పొద్దున్నే విడిభాగాల దుకాణానికి ఉరికాను. దుకాణదారు నా పాత ప్లగ్గు చూసి నవ్వాడు.

“మామూలు బండి ప్లగ్గేసినవ్ భాయ్. టర్బో ఇంజన్ మస్తు వేడి, జర చల్లగుండే ప్లగ్గు కావాలె. మొన కాడ గ్యాపు మిల్లీమీటరు గూడ ఉండొద్దు, సున్నా పాయింట్ ఏడు. ఎక్కువైతే టర్బో గాలికి నిప్పు ఆరిపోతది, దీపం ఊదినట్టు.”

నాలుగు కొత్త ప్లగ్గులతోపాటు, గ్యాపు కొలిచే సన్నటి రేకుల కట్ట కూడా ఇచ్చాడు. ఇంటికొచ్చి దాన్ని అరుగు మీదికి విసిరాను.

“గదెందుకు పారేస్తున్నవ్?” అంది మా ఆవిడ.

“బండలు కోసెటోనికి రేకులెందుకే? కన్ను చాలు.”

ప్లగ్గు కొనన ఉండే కొక్కేలన్నీ కంటి కొలతతోనే వంచాను. నిప్పు పెద్దగా రావాలని సందు కాస్త ధారాళంగానే వదిలాను. మనది పెట్టే చెయ్యి మరి.

ఆదివారం తాండూరు దాటగానే కారు గాలిపటమైంది. నేను పాట అందుకున్నాను. ఆమె ఆపమనలేదు, అంటే సంతోషంగా ఉన్నట్టే. ఘాటు మొదలైంది. టర్బో ఊపందుకుంది. కారు దగ్గింది, తుమ్మింది, రెండో మలుపులో నిలబడిపోయింది. వెనకే వచ్చిన బస్సు నెమ్మదించింది. కండక్టరు తల బయటపెట్టి, అలవాటైన మనిషిలా అడిగాడు.

“అక్కా, ఎక్కుతవా?”

“ఇయ్యాల కాదు తమ్మీ. జర చూసేదుంది.”

బస్సు పోయాక ఆమె సంచిలోంచి ఆ రేకుల కట్ట తీసింది.

“కూసో. కొలువు.”

ఇంజను చల్లారేదాకా కోతులకు మేమే కాలక్షేపం. తర్వాత ప్లగ్గు విప్పి పాయింట్ ఏడు రేకు పెడితే, నాన్న చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా అందులో ఊగింది. రోడ్డు పక్క రాయి మీద కొక్కేన్ని మెల్లగా తట్టాను. ఆమె రేకు దూర్చి చూసింది. “ఇంకా జర.” మళ్ళీ తట్టాను. అలా నాలుగూ అయ్యాయి. తాళం తిప్పితే కారు గుట్టను ఒక్క గుక్కలో తాగేసింది. మలుపు మలుపుకీ నేను హారన్ కొట్టాను, ఎదురెవరూ లేకపోయినా.

అత్తగారింట్లో చాయ్ తాగుతూ కాలు మీద కాలేసుకున్నాను.

“చూసినవా నా చేతి పని? ఇగ బండి అమ్ముడు లేదు గద?”

“లేదు. తమ్మునికి ఫోన్ చేసి చెప్పిన. బండికి బదులు నిన్ను తీస్కపొమ్మంటే, ఆ పరిగాయన పైస లేకుంట ఊకెనిచ్చినా వద్దన్నడట.”