మొదటి రోజే నిన్నటి పులుసు

మా పత్రిక ఇన్‌చార్జి గారు ఆకులో అన్నాన్ని పక్కకు జరిపి, చేపల పులుసులో చూపుడు వేలితో అడ్డంగా ఒక గీత గీశారు. గీత నిలవలేదు. రెండు వైపుల నుంచీ పులుసు జారి వచ్చి కలిసిపోయింది. ఆయన వేలు నాకి, తల అడ్డంగా ఊపి, "ఇది ఇవాళ్టి పులుసు" అన్నారు. ఇంకే ఊళ్లో అయినా ఆ మాటకు హోటలాయన దండం పెట్టి ఉండేవాడు. మా నెల్లూరు వైపు అది నేరం మోపడం. పక్కనే గరిటె పట్టుకుని నిలబడిన మా బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. వండింది ఇవాళే అని ఒప్పుకోవడం తప్ప ఆయనకు వేరే దారి లేదు. ఆ హోటలు తెరిచిందే ఆ పొద్దున.

ఆ రోజుల్లో మేం నాలుగు ముక్కలు రాస్తే ఊరు మారిపోతుందని మనస్ఫూర్తిగా నమ్మేవాళ్లం (రాసినవాటిలో సగం, చివరి నిమిషంలో వచ్చిన ప్రకటనల కింద పడి నలిగిపోయేవి, అది వేరే సంగతి). నేను నెల్లూరులో జిల్లా ఎడిషన్‌కు కొత్తగా చేరిన సబ్‌ఎడిటర్ని. కుర్చీ నాది కాదు, ఎవరు సెలవు పెడితే వాళ్లది. అయినా చొక్కా జేబులో పెన్ను పెట్టుకుని బంధువుల ఇళ్లకు వెళ్లినప్పుడు, ప్రభుత్వాన్ని నిలబెట్టేదీ పడగొట్టేదీ నేనే అన్నట్టు కూర్చునేవాణ్ణి. అట్లా కూర్చున్న ఒకానొక రోజే మా అత్త, అంటే నాన్న చెల్లెలు, కాఫీ ఇస్తూ, "మీ బావ హోటలు పెడతాండాడు నాయనా. నువ్వు మీ ఆఫీసోళ్లని తీసకరా" అంది. నేను ఆలోచించకుండా తల ఊపాను. తల ఊపడం పెద్ద పనిగా ఎప్పుడూ తోచలేదు నాకు.

బావ కథ ఇది. చెన్నైలో పెద్ద పెద్ద హోటళ్ల వంటగదుల్లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చాడు. అక్కడ ఆయన నేర్చుకున్న మొదటి నీతి, మిగిలిన కూర మర్నాటికి ఉంచకూడదని. ఆ నీతినే బోర్డు మీద, హోటలు పేరు కంటే పెద్ద అక్షరాల్లో రాయించాడు: 'ఏ రోజు కూర ఆ రోజే.' చిల్లకూరు దాటాక హైవే పక్కన స్థలం ఆయన మామగారిది. మామగారు స్థలం ఇచ్చారు గాని మనసు ఇవ్వలేదు. ఆయన దృష్టిలో హైవే మీద ఆకలేసేది మనుషులకు కాదు, లారీలకు. "అన్నం ఇంటికాడ కూడా తింటారు. పంక్చరు ఇంటికాడ పడదు గదా" అనేవారు. అందుకని ఒక షరతు పెట్టారు. పత్రికలవాళ్లు వచ్చి తిని బాగుందని రాస్తే హోటలు ఉంటుంది. లేకపోతే ఆ షెడ్డు టైర్ల కొట్టుకు. టైర్లాయన ప్రారంభానికి వచ్చి, కొబ్బరికాయ కొడుతున్నప్పుడే షట్టరు వెడల్పు జానలతో కొలుచుకుంటున్నాడు.

ఇక మా బృందం. ఇన్‌చార్జి గారు ముందు. ఆయన వార్తను ఎంత నిదానంగా దిద్దేవారో అన్నాన్ని అంత నిదానంగా కలిపేవారు. వెనక ఫోటోగ్రాఫరన్న. విడవలూరు నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటరు ఒకాయన. ఇన్‌చార్జి గారు ఏమన్నా "అంతే సార్" అనడం ఈయన వంతు. చివర నేను, పెళ్లికూతురు తరఫువాడిలా అందరికీ మంచినీళ్లు అందిస్తూ.

మా వైపు చేపల పులుసు సంగతి తెలియని పాఠకుల కోసం ఒక మాట. చుట్టాలు రేపు వస్తారంటే చేపలు ఇవాళే కొంటారు. మట్టి దాకలో మామిడికాయ ముక్కలు వేసి వండి, మూత పెట్టి, గరిటె తగలనియ్యకుండా ఒక మూల పెట్టేస్తారు. రాత్రంతా పులుపూ కారమూ ముక్కలోకి దిగి, పులుసు చిక్కబడుతుంది. మర్నాడు దాన్ని తిన్నవాడు కాసేపు ఎవరితోనూ మాట్లాడడు. వండిన రోజునే వడ్డిస్తే చుట్టాలు తింటారు గాని, ఇంటికెళ్లాక చెప్పుకుంటారు. ఇదంతా బావకు తెలియక కాదు. చెన్నైలో మర్చిపోయాడు.

"నిన్నటిది లేదా?" అన్నారు ఇన్‌చార్జి గారు.

"సార్, మేం తెరిచిందే ఇయ్యాల సార్. నిన్న ఈడ హోటలే లేదు" అన్నాడు బావ.

"హోటలు లేకపోతే పులుసు ఉండకూడదని ఏముందయ్యా?"

"అంతే సార్" అన్నాడు విడవలూరాయన.

బావ మెడ ఎత్తి బోర్డు వైపు చూశాడు. "నా హోటల్లో నిన్నటి కూర పెట్టను సార్. వంజరం చేప తెల్లారి వాకాడు నుంచి వచ్చింది. పొద్దున కోసినాం, పొద్దున వండినాం."

"చేప ఇవాళ్టిదైతే మంచిదే. పులుసు ఎందుకు ఇవాళ్టిది?"

ఈ ప్రశ్నకు చెన్నైలో ఎవరూ జవాబు నేర్పలేదు. బావ నా వైపు చూశాడు. నేను ఫోటోగ్రాఫరన్న వైపు చూశాను. ఆయన, ఏదో జరుగుతోంది గదా అని, ఇన్‌చార్జి గారి ఆకు ఫోటో తీశాడు. గల్లాపెట్టె దగ్గర మామగారు టైర్లాయనతో తల కలిపి ఏదో అంటున్నారు. నేను నీళ్ల జగ్గు నెపంతో వంటగదిలోకి జారుకున్నాను.

అత్త పొయ్యి పక్కన చిన్న పీట మీద కూర్చుని ఉంది.

"ఏమంటాండాడు మీ సారు?"

"నిన్నటి పులుసు కావాలంట అత్తా."

"అడగతాడు. నెల్లూరోడు గదా." ఆమె తొందరపడలేదు. "నువ్వు పొయ్యి, ఇప్పుడే వస్తాదని చెప్పు."

"యాడినుంచి వస్తాది? బావ ఒప్పుకోడు."

"వాణ్ణి అడిగిందెవరు?"

నేను బయటికి వచ్చి, "వస్తుంది సార్" అన్నాను. ఏం వస్తుందో నాకు తెలియదు. ఇన్‌చార్జి గారు ఎడమచెయ్యి మోకాలి మీద పెట్టుకుని, కుడిచెయ్యి ఆరబెట్టుకుంటూ కూర్చున్నారు. అందరం ఆరిపోతున్న ఆ చేతిని చూస్తూ కూర్చున్నాం. సారు ముట్టకుండా తాను ఎలా తింటాడని విడవలూరాయన కలిపిన ముద్దను ఆకులోనే ఉంచి, దాని వంక దీనంగా చూస్తున్నాడు.

కాసేపటికి అత్త స్వయంగా గిన్నె తెచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, ఆకులో పోసి వెళ్లిపోయింది. ఇన్‌చార్జి గారు వేలితో గీత గీశారు. గీత నిలబడింది. కాలవకు రెండు గట్లు పోసినట్టు నిలబడింది. మామగారు గల్లా వదిలి వచ్చి వంగి చూశారు. టైర్లాయన కూడా చూశాడు. ఇన్‌చార్జి గారు ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. తెరవలేదు. రెండో ముద్ద కూడా ఆ కళ్లు మూసుకునే, దారి తప్పకుండా తిన్నారు.

"ఇదయ్యా పులుసంటే" అన్నారు చివరికి. "నిన్నటి పులుసుకుండే నెమ్మది దీనికుంది."

"అంతే సార్" అని విడవలూరాయన ఒక్కసారిగా ఆకు మీద పడ్డాడు.

రాసింది నేనే. ఇన్‌చార్జి గారు దిద్దింది ఒక్క మాటే. నేను 'తాజా రుచులు' అని పెట్టిన శీర్షిక కొట్టేసి, 'నిలవున్న రుచి' అని రాశారు. పేపరు వచ్చిన రోజు బావ నాకు ఫోను చేసి చాలాసేపు తిట్టాడు. కాని హైవే మీద కార్లు ఆగడం మొదలైంది. దిగినవాళ్లందరూ బోర్డు కింద నిలబడే నిన్నటి పులుసు అడిగారు. బావ కొన్నాళ్లు మొండికేసి, తర్వాత బోర్డులో మూలకు చిన్న అక్షరాలతో 'పులుసు తప్ప' అని చేర్పించాడు. మామగారు టైర్లాయనకు పక్క స్థలం చూపించారు. ఇప్పుడు రెండూ నడుస్తున్నాయి. పంక్చరు వేయించుకునేవాళ్లు ఇక్కడ తింటారు.

ఇన్నాళ్ల తర్వాత నేనూ రిటైరై, ఆ హోటలుకు వెళ్లినప్పుడల్లా పులుసులో వేలితో గీత గీస్తాను. సర్వర్లు పని ఆపి నా మొహం చూస్తారు. నేను కళ్లు మూసుకుని, కావలసినదానికంటే కాస్త ఎక్కువసేపే ఉండి, "నిన్నటిదే" అంటాను. నిజానికి నాకు తేడా తెలియదు. ఆ రోజూ తెలియలేదు.

ఆ రోజు అందరూ వెళ్లిపోయాక బావ వాళ్ల అమ్మను నిలదీశాడు, ఇంటినుంచి దాక మోసుకొచ్చి పరువు తీసిందని. అత్త, "ఏ దాక? నువ్వు వండిందే ఇంకో రెండు పొంగులు రానిచ్చి పోసినా" అంది. పొద్దున ఆటోలో ఆమె ఒడిలో గుడ్డ కట్టిన దాక చూశానని బావ అన్నాడు. అందులో పెరుగు ఉండిందని ఆమె అంది. ఆ రోజు మా ఎవరికీ పెరుగు వడ్డించలేదు. కానీ తర్వాతెప్పుడో కోడలితో, ముందురోజు సాయంత్రమే ఇంట్లో వండి దాచానని చెప్పిందట. ఇప్పుడు ఎనభై దాటిన ఆమెను మొన్న మళ్లీ అడిగాను. "తిన్నారు గదా" అంది. అంతకు మించి చెప్పదు. అందుకని మా ఇన్‌చార్జి గారు కళ్లు మూసుకుని తిన్న పులుసు ఏ రోజుదో మా కుటుంబంలో ఇప్పటికీ తేలలేదు.