అల్లాబకాష్ దొరకలేదన్న సామాను

ఎన్నాళ్ళనుంచి చూస్తాండారు, టీవీ పక్కన ఉండే ఆ ఇత్తడి బుడ్లు? నిమ్మకాయలంత గుండ్లు రెండు, మధ్యలో సన్న కమ్మీ. అనమ్, నువ్వు వాటిని బొమ్మల పెండ్లిలో బిందెలన్యావు. కాషిఫ్, నువ్వు ఆ కమ్మీకి తాళంచెవులు తగిలిస్తావు. ఒక్కరన్నా నోరు తెరిచి, అవ్వా ఇది ఎవరిది, మన ఇంట్లోకి ఎట్లొచ్చె అని అడిగినారా? అల్ అజీజియాలో ఏ అంగట్లో ఏ ఐస్‌క్రీము దొరుకుతాదో గడగడా చెప్తారు. అల్లాబకాష్ ఎవరంటే ఒకరి మొగం ఒకరు చూసుకుంటారు. సిగ్గు లేదూ? నా తోడబుట్టినోడు వాడు. మీ నాయనకు మేనమామ. ఆ ఫోన్లు అవతల పడేసి కూచోండి. మధ్యలో లేస్తే కాళ్ళిరగ్గొడతా.

మాది రాయచోటి, దూదేకులోళ్ళం. మా నాయన ఇస్సాక్ సాయిబు దూది ఏకేటప్పుడు ఆ వింటి నారి మోత వినే చెప్పేటోడు, ఈ దూదికి తేమ ఉండాది, ఎండబెట్టుకోని రాపోమ్మా అని. ఆ చెవి అల్లాబకాష్‌కు వచ్చింది. ఫ్యాక్టరీ పరుపులొచ్చి దూదిపని పాయె. వాడు బస్టాండుకాడ షెడ్డులో చేరి దూదికి బదులు ఇంజన్లు వినను నేర్చుకున్యాడు. బానెట్టు ఎత్తకముందే గమ్మున నిలబడి, తల వంచి, రెండు నిమిషాలు విని, ఫలానాది పోయిందప్పా అనేటోడు. చూసేటోళ్ళు నవ్వేటోళ్ళు. తెరిస్తే ఫలానాదే పోయుండేది.

ఆ చెవి పట్టుకోని ఈ అరబ్బు దేశానికి, ఖోబర్‌కు వచ్చినాడు, ఇంటి డ్రైవరు వీసా మీద. కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, అబూ సాలెం అని ఒక ముసలాయన. ఇంటి డ్రైవరు ఊరికి పోవాలంటే కఫీలు ఫోన్లో ఒత్తితేగానీ ఛుట్టీ కాగితం రాదు. ముసలాయనకు ఫోను ఒత్తను చాతగాదు. కొడుకు సాలెం చేతిలోనే ఉండె ఆ ఫోను. ఇది గుర్తుపెట్టుకోండి, కథంతా ఈడనే ఉండాది. అదే ఇంట్లో నేను వంటపని చేస్తాంటి అప్పుడు. నా సంగతి ఒద్దులే, వాని సంగతి వినండి.

ఆ ఇంట్లో ఒక నీలం కారు ఉండె. రాస్ తనూరాలో ఆయిల్ పనికొచ్చిన అమెరికా దొర ఒకడు, యాభై ఏండ్ల కిందట, వాళ్ళ దేశంనుంచి తెప్పించుకున్యాడంట. పోతాపోతా తన కాడ డ్రైవరుగా ఉన్న అబూ సాలెంకు ఇచ్చి పాయె. కారు కాదది, కోడెద్దు. ముందర ముక్కు మంచమంత పొడుగు, ఎనక సీట్లో ఇద్దరు పిల్లోళ్ళు కూడా పట్టరు. ఎనిమిది సిలిండర్లంట. స్టార్టు చేస్తే నా వంటింట్లో గిన్నెలు అదురుతాండె. బర్రె కుడితి తాగినట్ల తాగుతాండె పెట్రోలు. అబూ సాలెం పెండ్లికూతురిని దాంట్లోనే తెచ్చుకున్యాడు. ఆ యమ్మ పొయినాక, పక్షవాతం వచ్చి ఈయన చెయ్యి పడిపొయినాక, అల్లాబకాష్ నడుపుతాంటే ఈయన ఆ యమ్మ సీట్లో కూచునేటోడు. దినమూ సాయంత్రం అసర్ నమాజు అయినాక సముద్రం ఒడ్డున ఒక చుట్టు. అంతే. దానికోసమే తక్కిన దినమంతా బతికేటోడు.

ఒకపొద్దు ఆ బండి నల్ల పొగ కక్కి నిలబడిపాయె. వాడు తల వంచి విన్యాడు.

"అక్కా, దీనికి కడుపు పట్టనంత తాగి వాంతి అయితాంది," అన్యాడు.

పెట్రోలూ గాలీ కలిపి ఇంజనుకు పట్టించే డబ్బా ఒకటి ఉంటాది, కార్బొరేటర్ అంటారు. దాంట్లో ఈ ఇత్తడి బుడ్లు తేలతాంటాయి. పెట్రోలు నిండితే పైకి లేసి, చాలు అని దారి మూస్తాయి. బుడ్డికి చిల్లి పడితే మునిగిపోయి, చాలు అని చెప్పేదే ఉండదు. మన ఊర్లో కళాయి పోసేటోళ్ళను చూసినోడే గదా, తగరం కరగబెట్టి చిల్లి మూసినాడు. చిల్లి మూసుకునె, బుడ్డి బరువెక్కె. తేలాల్సింది మళ్ళా మునిగె. గీకి గీకి పలచన చేస్తే ఇంకోతట్టు చిల్లి పడె. డబ్బా కూడా పగిలుండె.

సాలెం ఏమో బండిని రియాద్‌లో పాతబండ్లు కూడబెట్టే ఒక షోకుదారుకు అమ్ముతానని మాట ఇచ్చినాడు. ఆ షోకుదారు, బండి తనంతట తాను నడవాల, లోపల అన్నీ ఆ కాలం సామానే ఉండాల అన్యాడు. సాలెం అమెరికానుంచి కొత్త డబ్బా తెప్పిస్తే అది ఒద్దనె.

మీ మేరాజవ్వకు, అంటే అల్లాబకాష్ పెండ్లానికి, అప్పటికే కిడ్నీలు పొయినాయి. వారానికి రెండుతూర్లు కూతురు అయేషా కడపకు తీసకపోయి రక్తం కడిగించకచ్చేది. వాడు పొయ్యి సాలెంను ఛుట్టీ అడిగినాడు. ఎందుకని చెప్పలా. ఊరికి పోవాల, అంతే అన్యాడు.

"బండిని పలికించు. ఆ పొద్దే నీకు కాగితం," అన్యాడు సాలెం.

సాలెం చెడ్డోడని చెప్పను. వాడికి ఆ బండి అడ్డం, అంతే.

ఇంగ జూడండి వాని తిరుగుడు. శుక్రవారం వస్తే దమ్మాంలో తష్లీహ్‌లన్నీ, అంటే పాతబండ్లు పడేసే దొడ్లు, ఒకటి వదలకుండా తిరిగినాడు. బిర్రుగా ఎండ, ఇనుము తాకితే చర్మం ఊడొచ్చేది. చేతులకు గుడ్డలు చుట్టుకోని బండ్ల కడుపుల్లో దూరేటోడు. మనోళ్ళు ఏ ఊర్లో ఉంటే ఆ ఊరికి ఫోను. యాన్బులో వెల్డింగు పనిచేసే ఓబులేసు అని మన పక్కూరోడు ఉండె. నాలుగు నెలలకు ఆయప్ప ఫోను చేసినాడు.

"బకాషన్నా, వదినకు సవితి దొరికిందన్నా!"

"ఎవరురా?"

"నీ కార్బొరేటర్. ఎండకు ఎండి ఇసుక తిని కూచోనుండాది ఒక పాతబండిలో. మనం అడిగేదాకా దానికి తెలీదు దాని ఇలువ. పంపిస్తాండా. నువ్వు వదినకాడికి పో ఇంగ."

ఖర్జూరం డబ్బాలో పెట్టి లారీవాని చేత పంపినాడు. ఆ సాయంత్రం అల్లాబకాష్ దాన్ని చేతిలో పట్టుకోని షెడ్డులోకి పాయె. నడవని బండిలో ముసలాయన కూచోనుండాడు, పెండ్లాం సీటు మీద. నమాజు అయినాక అట్లనే కూచుంటాండె. వీడు, పిల్లోడు బడినుంచి మార్కులు తెచ్చి చూపించినట్ల, డబ్బా తెరిచి చూపించినాడు.

ముసలాయన చూసినాడు. చూసి, బాగుండే చేత్తో వీని చెయ్యి పట్టుకున్యాడు.

"అల్లాబకాష్, ఇది పలికిన పొద్దే దీన్ని లారీ మీద ఎక్కిస్తారు. ఈ ఇంట్లో నా మాట ఎవరు వింటారు? డాక్టరు నాకు రెండు నెలలన్యాడు. నేను పొయినాక బిగించు. అంతవరకూ దొరకలేదని చెప్పు."

మేరాజ్ పేరు వాని నోటి చివరిదాకా వచ్చి ఉంటాది. రాలేదు. అది మా నాయన నేర్పిన మాట. ఎవరి ఇంట్లో అన్నం తింటామో వాళ్ళ ముందర మన ఇంట్లో జబ్బు ఎత్తకూడదు, అది అడుక్కున్నట్లుంటాది అని. మా ఇంట్లో అందరమూ అట్లనే పెరిగినాం. ఏం గొప్పతనమో! రెండు నెలలే గదా అనుకున్యాడు. ముసలాయన చేతిలో చెయ్యి వేసి సరే అన్యాడు. డబ్బాను తన పెట్టెలో బట్టల అడుగున పెట్టి తాళం వేసినాడు.

రెండు నెలలు పాయె. ఆరు నెలలు పాయె. చస్తాననుకున్న ముసలాయన గుండ్రాయి మాదిరి లేసి కూచునె. సాయంత్రమైతే ఆ సీట్లో కూచుంటాడు, వీడు పక్కన స్టీరింగు పట్టుకోని కూచుంటాడు. బండి కదలదు. ముసలాయన ఇదిగో సముద్రం వచ్చె అంటే, వీడు అవును బాబా, అలలు పెద్దగుండాయి అంటాడు. నేను టీ తీసకపోయినప్పుడు నా చెవులారా విన్యా.

"దొరికిందా?" అని సాలెం ఫోన్లో.

"దొరకలా."

నేను తక్కువ తిట్టినానా వాన్ని? "ఇంజను విని రోగం చెప్పేటోనివి, ఒక బుడ్డి దొరకదారా నీకు? ఆడ మేరాజ్ చస్తాంది!" అంటి. వాడు తట్ట వైపు చూసుకుంటా సంగటి మింగుతాండె. పెట్టెలో ఉందని నాకేం తెలుసు? నేను పొయ్యి ముసలాయనకు చెప్తా నీ పెండ్లాం సంగతి అంటే, తన తలమీద నా చెయ్యి పెట్టించుకోని ఒట్టు వేయించుకున్యాడు. నేనూ ఆ నాయన కూతురినే గదా. నోరు మూసుకుంటి. మీతో ఇంత అరుస్తానే, అరవాల్సిన కాడ మూసుకుంటి.

మేరాజ్ ఫోను చేసేది.

"ఏమయ్యా, ఆ బండికి నాకంటే ముదిరిందా జబ్బు?"

"దానికి సామాను దొరికించుకోవాల మేరాజ్. నీకు నేనుండా గదా."

"యాడుండావు?" అనేది. నవ్వేది. ఊపిరి అందక మధ్యలోనే ఆపేది.

డబ్బా పెట్టెలో పెట్టిన పదో నెలలో మేరాజ్ చచ్చిపాయె. మట్టి చేసేది వాడు ఫోన్లో చూసినాడు. ఎవరో ఎత్తి పట్టుకున్యారు, ఫోను ఒరిగి అంతా ఆకాశమే కనపడె. అయేషా ఫోను తీసుకోని, "ఇంగ రావద్దు నాయనా, అమ్మ లేదు," అని పెట్టేసింది.

ఆ పొద్దు సాయంత్రం వాడు షెడ్డుకు పోలా. ముసలాయన కట్టె పట్టుకోని నన్ను అడగనొచ్చె, అల్లాబకాష్ యాడ అని. చచ్చినాక ఒట్టు ఎవరికి? చెప్పినా. ఆయన కాలు ఈడ్చుకుంటా వాని రూముకు పాయె, నేను ఎనకనే పోతి.

"నీ భార్యకు ఎన్నాళ్ళనుంచి జబ్బు?"

"రెండేండ్లు బాబా."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

వాడు మంచం మీది గుడ్డలు జరిపి ముసలాయనకు చోటు చేసినాడు.

"పిచ్చోడా! నేను అడిగింది ఇనుప బండిని. నీ ఇల్లు అడిగితినా? ఒక్కమాట, ఒక్కమాట చెప్పింటే!"

ఆడనే నిలబడి సాలెంను పిలిపించినాడు. తిట్టినాడు, బుగ్గమీద కొట్టినాడు కూడా. సాలెం ఏడ్చినంత పనిచేసి, నాకూ చెప్పలేదు నాయనా అనుకుంటా ఫోన్లో ఒత్తినాడు. నేను పెట్టిన టీ చల్లారలేదు, ఛుట్టీ వచ్చేసింది. అంతసేపే పట్టే పని అది.

వాడు ఆ కాగితాన్ని మోకాళ్ళమీద పెట్టుకోని, "ఎవరికాడికి పోవాలక్కా ఇప్పుడు?" అని నన్నడిగినాడు. వాడు యాడికీ పోలేదు. ఆ ఛుట్టీ గడువు అయిపాయె.

మరుసటి వారం పెట్టె తెరిచి ఖర్జూరం డబ్బా తీసినాడు. అప్పుడు తెలిసె నాకు. ఒక్క మాట తిట్టలేదు నేను. పొద్దున మొదలుపెడితే మధ్యాన్నానికి బిగించేసినాడు. స్టార్టు చేస్తే గిన్నెలు అదిరె. వాడు తల వంచి ఎప్పటిమాదిరే విన్యాడు. "బాగుంది," అన్యాడు, బానెట్టు దించినాడు.

ముసలాయన బయటికి కూడా రాలేదు. ఆ సీట్లో మళ్ళా కూచోలేదు. తీసకపోనీలే అన్యాడంట సాలెంతో. లారీ వచ్చి బండిని తీసకపాయె. ఎవరికోసం దాచినాడో ఆయనకే అక్కర్లేకపాయె.

ఆ తర్వాత వాడు ఇంజను వినను మానేసినాడు. ఎవరన్నా బండి తెస్తే, తెలీదప్పా, కంప్యూటరు పెట్టేవాని కాడికి తీసకపో అనేటోడు. అయిదు నెలలకు, రెండు పూటలా ఊడ్చే అదే షెడ్డులో, చీపురు పక్కన పడుండె. గుండె అన్యారు డాక్టర్లు. ఖోబర్‌లోనే మట్టి చేసినారు. యాన్బునుంచి ఓబులేసు ఈ దేశమంతా అడ్డంగా బస్సులో వచ్చి, కబరస్తాను గోడ బయట చెప్పులు చేత పట్టుకోని నిలబడినాడు. "నేను బిరీన పంపిస్తి గదమ్మా," అనె. పంపినావు నాయనా అంటి.

పెట్టెలో మేరాజ్‌కు కొన్న చీర, తగరం పూసిన ఈ పాత బుడ్లు. చీర అయేషాకు పంపిస్తే తీసుకోలేదు. అది నా బీరువాలో ఉండాది. అబూ సాలెం ఇంకా బతికే ఉండాడు. మొన్న రంజానుకు పోతే, అల్లాబకాష్ టీ తాగినాడా అని నన్నడిగె.

తియ్యి కాషిఫ్, ఆ తాళంచెవులు తియ్యి దాన్నుంచి.

చచ్చిపోయేనాటికి అల్లాబకాష్‌కు యాభైమూడేండ్లు.