గట్టిపడిన ముక్కు

“మెరిసినంత మాత్రాన వెండి అయిపోతుందా మరిదీ? లోపలంతా ఇత్తడే. దాని మీద నికెల్, నికెల్ మీద క్రోం. ఆ క్రోం ఉల్లిపొర కంటే పల్చన. పెళ్ళిలో మీ అన్నయ్య చెయ్యి చాపి చాపి చూపించుకున్న వాచీ కూడా అంతే!”

వాచీలు బాగుచేసే మరిది నవ్వాడు. వాచీ కడుపులో ఏముందో అతనికి తెలుసు. పైచర్మం సంగతి వదినది. వాచీ కేసులకు పూత పెట్టే షెడ్డులో, క్రోం తొట్టి దగ్గరే ఆమె వయసంతా కరిగిపోయింది.

మాట్లాడుతుంటే మధ్యమధ్య ఆమె ముక్కులోంచి సన్నగా ఈల వినబడుతుంది. వీధిలో అందరూ ఈలమ్మ అంటారు. అలా పిలిస్తే పలుకుతుంది కూడా.

“కరెంటు వెయ్యగానే తొట్టి బుసబుసా పొంగేది. ఆ ఆవిరికి ముక్కులో సూదులు గుచ్చినట్టుండేది. కొత్తవాళ్ళు తుమ్మి తుమ్మి ఏడ్చేవాళ్ళు. కొన్నాళ్ళకి మంట పోయేది. ‘దీని ముక్కు గట్టిపడిందే!’ అని చప్పట్లు కొట్టి టీ తాగించేవాళ్ళం. ఆ టీ వాసన తెలియట్లేదని ఒక్కరికీ తట్టలేదు.”

“మంట పోతే మంచిదేగా వదినా?”

“మండడానికి అక్కడేమైనా మిగిలితేగా! నీ బుల్లి టార్చి తియ్యి. ఈ పక్కన పెట్టి చూడు.”

అతను ఆమె కుడి ముక్కుపుటం దగ్గర టార్చి వెలిగించాడు. ఎడమ పుటంలోంచి తెల్లటి వెలుతురు బయటికొచ్చింది. మధ్యలో గోడ లేదు. అతను టార్చి ఆర్పేశాడు.

“అయిపోయిన పెళ్ళికి బాజాలెందుకులే. నా భయం మా చెల్లి గురించి.”

చెల్లెలు ఇప్పుడు ఆ తొట్టి దగ్గరే పనిచేస్తోంది. వద్దంటే, “నువ్వు చెయ్యలేదా? చచ్చావా?” అంది. నిన్న గుమ్మంలోంచే అరుచుకుంటూ వచ్చింది. “అక్కా, నా ముక్కు గట్టిపడింది! టీ పెట్టు!”

అక్క పొయ్యి మీద పాలు పెట్టింది. ఇద్దరూ కబుర్లలో పడ్డారు. కాసేపటికి పక్కింటావిడ గోడ మీంచి కేకేసింది. “ఏమమ్మా, పాలు మాడి వీధంతా కంపు కొడుతోంది, ఇంట్లో మనుషులున్నారా?”

అక్క చెల్లెలి మొహంలోకి చూసింది. “జలుబక్కా,” అని నవ్వేసింది చెల్లెలు.

ఇదంతా చెప్పి ఈలమ్మ టార్చిని మరిది జేబులో పెట్టింది.

“నేను చెబితే ముసలిదాని చాదస్తమంటుంది. నువ్వంటే దానికి కాస్త మొహమాటం. ఇప్పుడే వెళ్ళు. వేళాకోళంగానే ముక్కు చూపించమను. అవతల ఎర్రగా కనబడిందా, గోడ ఇంకా ఉన్నట్టే. మళ్ళీ ఆ తొట్టి దగ్గరికి పోనివ్వకు. తెల్లగా వచ్చిందా... నాకు చెప్పడానికి రాకు నాయనా. అటునుంచటే ఆస్పత్రికి తీసుకుపో.”