పంటు మీద ఏడో స్థానం

ఆ రోజుల్లో నాకు పంతొమ్మిదేళ్లు, రాజోలులో డిగ్రీ చదువు, ఒళ్లంతా తొందర. ఏ విద్యైనా పూర్తిగా రాకముందే నలుగురికీ చూపించేయాలనే తహతహ ఆ వయసులో అందరికీ ఉంటుందంటారు గానీ, నాకు మాత్రం ఇంకో పదిమంది వాటా కూడా కలిపి ఇచ్చినట్టున్నారు. లేకపోతే మా వీధిలో ఆడపిల్లలంతా కుట్టుమిషనో కంప్యూటరో నేర్చుకుంటుంటే, నేను పోయి పోయి ట్రాంబోన్ పట్టుకుంటానా? తెలియనివారి కోసం చెబుతున్నాను, అదొక ఇత్తడి బాకా. దానికి మీటలుండవు. ముందువైపు స్లైడు అని పొడవాటి జారే గొట్టం ఉంటుంది. కుడిచేత్తో దాన్ని తోస్తూ లాగుతూ స్వరాలు పలికించాలి. చెయ్యి ఆగే చోట్లు ఏడు. మా అమ్మ దానికి "సాగుడు బాకా" అని పేరు పెట్టింది. (మా గేదె పేరేమీ పెట్టలేదు, నేను వాయించిన పూటల్లా పాలు ఎగ్గొట్టేది.)

నేర్పింది మా మాస్టారు. మా ప్రాంతంలోనే పుట్టి, కుర్రతనంలో బొంబాయి వెళ్లి, అక్కడ పెద్ద ఆర్కెస్ట్రాలో ముప్ఫయ్యేళ్లు ట్రాంబోన్ వాయించి, రిటైరై సొంతూరు చేరారు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో మాకు పాఠం. మొదటి నెలంతా చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద కొబ్బరికాయ పెట్టి, ఊపిరితో దాన్ని లేపి దించమన్నారు. ఆయనకు చేపలన్నా, చిక్కుడు పాదులన్నా ప్రాణం. చెవి మాత్రం ఎప్పుడూ డ్యూటీలోనే ఉండేది. బస్సు హారన్ మోగితే స్వరం పేరు చెప్పి, "కాస్త దిగిందండీ, చూపించుకోండి" అని డ్రైవరుకి సలహా ఇచ్చేవారు. ఆర్కెస్ట్రాలో మీరేం చేసేవారండీ అని అడిగితే, "ఎక్కువగా లెక్కపెట్టుకుంటూ కూచునేవాణ్ణమ్మా. మన వంతు వచ్చేదాకా మిగతావాళ్లని వినడమే ఉద్యోగం" అనేవారు. నాకది వేళాకోళంలా తోచేది. నా కష్టమల్లా ఏడో స్థానంతో. చెయ్యి పూర్తిగా చాపితే గానీ అందని అట్టడుగు స్వరం అది. నావేమో పొట్టి చేతులు. ఆర్నెల్లుగా ఆరున్నర దగ్గరే ఆగిపోతున్నాను.

ఒకరోజు నరసాపురం కాలేజీలో నగరం నుంచి వచ్చిన వాద్యబృందం కచేరీ పెట్టి, మాస్టారిని తమతో వాయించమని పిలిచింది. ఆయన నన్నూ రెండో ట్రాంబోన్‌గా చేర్చుకున్నారు. పొద్దున్నే సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాం. చర్చివారి సొట్టల ట్రాంబోన్ నాది, అది గుడ్డసంచిలో ఉంది. మాస్టారి సొంత వాద్యం, ముప్ఫయ్యేళ్లూ ఆయనతో తిరిగింది, దాని పెట్టె మోసే గౌరవం నేనే అడిగి తీసుకున్నాను. ఆయన అవతలి వైపు ఒకాయనతో పులస గురించి మాటల్లో పడ్డారు. నా పక్కన చేపలబుట్టతో కూర్చున్న పిన్నిగారు పెట్టెను చూసి, "అందులో ఏంటమ్మా, కుట్టుమిషనా?" అంది.

అంతే, పౌరుషం పొడుచుకొచ్చింది. పెట్టె తెరిచాను. మాస్టారిదే బయటికి తీశాను. రెయిలింగ్ పక్కన నిలబడి, స్లైడు నీళ్ల వైపు పెట్టి ఊదాను. జనం తిరిగి చూశారు, పంటు నడిపే సరంగు కూడా చూశాడు. ఇక ఆగుతానా? ఆ ఉత్సాహంలో చెయ్యి చాచాను, చాచాను, జన్మలో చాచనంత చాచాను. అట్టడుగు స్వరం ఓడ కూతలా నిండుగా పలికింది. పలికిన మరుక్షణం స్లైడు నా వేళ్లలోంచి జారి గోదావరిలో బుడుంగుమంది.

"అయ్యో, సగం పడిపోయిందమ్మోయ్!" అంది పిన్నిగారు. మాస్టారు వచ్చారు. నా చేతిలో మిగిలిన ముక్కను చూశారు, నీళ్ల వైపు చూశారు. ఆయన ముఖం ఒక్కసారిగా పాలిపోవడం చూశాను, అది ఇప్పటికీ మర్చిపోలేను. నెమ్మదిగా అడిగారు.

"పెదవికి దెబ్బేమీ తగల్లేదు కదా?"

"లేదండీ."

"ఇందాక పలికింది ఏడో స్థానమేనా?"

"ఆయ్," అన్నాను.

"అవతలి వైపుకి వినబడిందమ్మా. సరిగ్గా పలికింది."

కాలేజీకి చేరాక, వాద్యబృందాన్ని నడిపించే కండక్టరు గారు, "అయితే మాస్టారూ, ఆ చర్చివారి బాకా మీద మీరే వాయించండి" అన్నారు. నేనూ అదే అన్నాను, కాళ్లు పట్టుకోవడమే తక్కువ. మాస్టారు ఒప్పుకోలేదు. "నేను ముప్ఫయ్యేళ్లు వాయించేనండి. ఈ పిల్ల ఇవాళ వాయించకపోతే ఇక జన్మలో దాన్ని ముట్టుకోదు. పక్కన నేను కూచుంటాను కదండీ" అన్నారు. కండక్టరు గారు చాలాసేపు గడియారం చూసుకుని, చివరికి తలూపారు.

ఆ మధ్యాహ్నం ఆయన భాగం సొట్టల బాకా మీద నేను వాయించాను. వాయించడమంటే, చాలాభాగం లెక్కపెట్టడమే. మాస్టారు వట్టి చేతులతో పక్కన కూర్చుని, మోకాలి మీద వేలితో తాళం వేస్తూ, వయొలిన్లు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాయో కళ్లతో చూపించారు. పక్కవాళ్లని వినడం ఉద్యోగమన్న ఆయన మాట అప్పుడు తలకెక్కింది. ఎదురుచూస్తున్నకొద్దీ ఆ సంగీతమంతా నా చుట్టూ ఇల్లు కట్టినట్టు లేచింది. నా వంతు వచ్చేసరికి భయపడడానికి తీరిక లేకపోయింది. రెండుచోట్ల తడబడ్డాను. (మూడు. మూడోది మాస్టారికీ నాకూ మాత్రమే తెలుసు.) చప్పట్లప్పుడు ఆయన నన్ను లేచి నిలబడమని చెప్పి, తాను మాత్రం కుర్చీలోనే ఉండిపోయారు.

మూడో రోజున రేవులో వలకు ఆ స్లైడు చిక్కింది, కొడవలిలా వంగిపోయి. బాగుచేయడం కుదరదన్నారు. నెలలపాటు ఉత్తరాలు రాసి, మాస్టారు బొంబాయి స్నేహితుడి దగ్గరనుంచి వేరే స్లైడు తెప్పించుకున్నారు. వంగినదాన్ని చిక్కుడు పాదుకి ఊతంగా పాతారు. ఆ విషయమై నన్ను ఒక్క మాటైనా అనలేదు. తిట్టి ఉంటే రెండ్రోజుల్లో మర్చిపోయేదాన్ని. తిట్టకపోబట్టే జీవితాంతం సాధన చేయాల్సి వచ్చింది.

ఇప్పుడు నేను అమలాపురంలో పిల్లలకు బాకాలు నేర్పుతున్నాను. నాకూ కాస్త పేరుంది, కళ్లజోడుంది, గదమాయించే గొంతుంది. మాస్టారికి ఎనభై దాటాయి, పళ్లు ఊడి ఊదడం మానేశారు. ఆదివారాలు ఫోన్ చేసి ఏదైనా వాయించమంటారు. మొన్న వాయించాక ఫోన్ మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాను. అప్పుడు వినబడింది, "ఆయ్, బాగుందమ్మా." ఫోన్ పెట్టేసి, హాల్లో నాకు తెలియకుండానే గిర్రున ఒక చుట్టు తిరిగాను. మావారు పేపరు దించి, "ఎవరు, కలెక్టరు గారా?" అన్నారు. కొంగు సర్దుకుని, వయసుకు తగ్గట్టు నడుస్తూ వంటింట్లోకి వెళ్లిపోయాను.