తువ్వాలు కింద చెయ్యి

పోయినవి ముందు లెక్కపెట్టాను. లక్క పూసిన బెల్లం దిమ్మలు అరవైకి నలభై తొమ్మిదే ఉన్నాయి. పదకొండు లేవు. ఆరు ఎడ్లబళ్ళలో ఒకదానికి చక్రం ఊడింది, ఇంకొకటి అసలు కనబడలేదు. అట్ట మీద గీసిన మార్కెట్ యార్డులో మూడో వీధిని చెదలు తినేశాయి. ఆటకి ఇద్దరు మనుషులు కావాలి, ఒకడే మిగిలాడు. ఈ ఆఖరిది రాయాలా వద్దా అని కాసేపు ఆగి, రాశాను. లెక్క అన్నాక అన్నీ రాయాలి.

ఆ ఆట నేనూ మా బావా కలిసి చేసింది. బావ అంటే మా అక్క భర్త, అతనూ నన్ను బావా అనే పిలిచేవాడు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్కబొమ్మలు చేసేవాడు. నేను అనకాపల్లి బెల్లం మార్కెట్లో తూకాలు రాసే గుమస్తాని. చదువు ఏడో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం నా అంతట నేను నేర్చుకున్నాను, దిమ్మలు ఎంచుతూ, తూకాలు కూడుతూ. తొమ్మిదేళ్ళ కిందట ఒక ఆదివారం బావ చిన్న చిన్న దిమ్మలు చెక్కి తెచ్చి, "నీ మార్కెట్టు తెచ్చేను బావా, బేరం ఆడు" అన్నాడు. అలా మొదలైంది.

ఒకరు అమ్మాలి, ఒకరు కొనాలి. బేరం మాత్రం పశువుల సంత పద్ధతి. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పి, నోరు మెదపకుండా వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకోవాలి. కుదిరితే రెండుసార్లు నొక్కాలి. కుదరకుండా ఎవరి చెయ్యి ముందు తువ్వాలు కిందనుంచి బయటికి వస్తే వాళ్ళు బేరం వదిలేసినట్టు. అది ఆఖరి బేరమైతే ఆటే పోయినట్టు.

బావ పోయి రెండేళ్ళు. ఆట పెట్టె కట్టేసి అటక మీద పెట్టాను. ఈ ఏడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మేనకోడలు, అంటే బావ కూతురు, ఫోన్ చేసింది. అక్కడ బోర్డు ఆటల కన్వెన్షన్ ఒకటి జరుగుతుందట. ఊరంత హాలు, వందల బల్లలు, సొంతంగా ఆటలు చేసుకున్నవాళ్ళకి విడిగా ఒక వరస. అందులో శనివారానికి ఒక బల్ల తీసుకుంది.

"నాన్న ఆట నువ్వు తప్ప ఇంకెవరు చెప్పగలరు మావయ్యా? నువ్వు రాకపోతే ఇంక అది అటక మీదే."

అలాంటి చోటికి నేనెప్పుడూ వెళ్ళలేదు. ఆటలాడటానికి పెద్దవాళ్ళు రైలెక్కి పోతారనే తెలీదు. సరేనన్నాక లెక్క వేసుకున్నాను. పొద్దున్న పది నుంచి సాయంత్రం ఆరు దాకా ఎనిమిది గంటలు. ఆటకి నలభై నిమిషాలు. ఊపిరి పీల్చుకోకపోతే పన్నెండు ఆటలు. బల్ల మీద పెట్టడానికి ఒక కార్డు కావాలంటే ఇలా రాసి పంపాను: "ఇప్పటిదాకా ఆడినవి 212. నేను గెలిచినవి 118. మా బావ గెలిచినవి 94." ఆ అంకెలు చూసుకుని కొంచెం గర్వపడ్డాను కూడా.

సాధన చేద్దామంటే ఎదుట మనిషి లేడు. మార్కెట్‌కి వెళ్ళేముందు రోజూ పొద్దున్నే తువ్వాలు పరిచి, కుడిచెయ్యి నేను, ఎడంచెయ్యి బావ అనుకుని ఆడేవాణ్ణి. నాలుగైదు రోజులు బాగానే ఉంది. తర్వాత ఎడంచెయ్యి నేను అనుకోని ధర చెప్పడం మొదలుపెట్టింది. బావలాగే తొందరగా ఏడు ధరకి వెళ్ళేది. ఒప్పుకునేటప్పుడు రెండో నొక్కు కొంచెం ఆలస్యంగా పడేది, అచ్చం అతనిలాగే. నా చెయ్యే, నాకు తెలుసు. అయినా తువ్వాలు ఎత్తి చూడటానికి జంకేవాణ్ణి. ముప్పై ఆటల్లో ఎడంచెయ్యి పదిహేడు గెలిచింది. ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు.

నేను రాసి పంపిన నియమాలతో మేనకోడలు స్నేహితుల చేత ఆడించి మళ్ళీ ఫోన్ చేసింది.

"మావయ్యా, ఒకడికి చెమట పట్టి చెయ్యి జారిపోయింది. అదీ ఓటమేనా? నువ్వు రాయలేదు."

"ఓటమే. బయటికొచ్చిందంటే వచ్చినట్టే. మీ నాన్న ఆఖర్లో అలా ఎన్ని పోగొట్టుకున్నాడనీ!"

"అమ్మనడుగు మావయ్యా" అని పెట్టేసింది.

ఎలాగూ తక్కువైన దిమ్మలు చేయించాలి. ఆ ఆదివారం ఏటికొప్పాక వెళ్ళాను. అక్క వసారాలో చింతపండు గింజ తీస్తోంది. పక్కనే బావ కూర్చునే చోటు ఊడ్చి ఉంది.

"బావ చెయ్యి జారడం గురించి అమ్మాయి ఏదో అంది. ఏటది?"

"దానికి నోరాగదు." అక్క తల ఎత్తలేదు. "సుగరు నరాలకెక్కీసింది కదరా. ఏళ్ళు మొద్దుబారిపోనాయి. లక్క సుర్రుమన్నా తెలిసీది కాదు. ఏ ఏలు పట్టుకున్నావో, సెయ్యి లోపలుందో బయటుందో, ఆడికేటి తెలుసు?"

"నాకు చెప్పలేదే!"

"సెప్పొద్దన్నాడు. 'బెల్లం ఆట ఆడి సుగరొచ్చిందని నవ్వుతాడే మీ తమ్ముడు' అన్నాడు ముందు. తర్వాత మరో మాటన్నాడు." ఒక గింజ తీసి పక్కన పడేసింది. "'లెక్క సూసి గెలుత్తన్నాననుకుంటన్నాడు. అనుకోనీ' అన్నాడు. ఆదోరం వత్తే సాలు, పొద్దుటే సొక్కా మార్సుకుని కూకునీవోడు నీకోసం. టీ తాగుతావా?"

తాగాను. దిమ్మల సంగతి ఎత్తకుండానే వచ్చేశాను.

ఇంటికొచ్చి ఆటల పుస్తకం తీశాను. ప్రతి ఆటకీ ఎవరు గెలిచారో, ఎలా గెలిచారో రాసేవాణ్ణి. చెయ్యి బయటికొచ్చి పోయినవాటికి పక్కన "చె" అని పెట్టేవాణ్ణి. ఆఖరి ఏడాది పక్కన పెట్టి కూడితే నూట డెబ్బై ఒక్క ఆటలు. నావి ఎనభై ఐదు, బావవి ఎనభై ఆరు. అంటే అప్పటిదాకా అతనే ఒకటి పైన ఉన్నాడు. ఆఖరి ఏడాది నలభై ఒక్క ఆటలాడితే ముప్పై మూడు నావి. ఆ ఏడాది నా లెక్క పదునెక్కిందని మార్కెట్లో ఇద్దరు ముగ్గురికి చెప్పుకున్నాను. ఆ ముప్పై మూడులో "చె" ఉన్నవి ఇరవై మూడు.

ప్రతిదాని దగ్గరా వేలు పెట్టి చూసుకున్నాను. చెయ్యి జారినప్పుడల్లా అతను ఒకసారి దానివంక చూసుకుని, "పట్టుకుపో బావా" అని నవ్వేవాడు. నేను వెంటనే రాసేసుకునేవాణ్ణి. ఒక్కసారైనా మొహంలోకి చూసినట్టు గుర్తులేదు.

మర్నాడు పొద్దున్న తువ్వాలు పరిచాను. ఎడంచెయ్యి దాని కిందికి పోలేదు. నేనే పంపలేకపోయాను.

మేనకోడలికి ఫోన్ చేసి నియమం మార్పించాను. చెయ్యి జారితే ఓటమి కాదు, మళ్ళీ పట్టుకుని అడగాలి, ఎన్నిసార్లు జారినా సరే.

"మరి కార్డు మీద స్కోరు మావయ్యా?"

"నా నూట పద్దెనిమిదీ తీసెయ్యి. సరిచేసి చెబుతాను."

న్యాయంగా తియ్యాలి కదా, అడ్డగోలుగా కాదు. చేతులు బాగున్న రోజుల్లో కూడా అతను కావాలనే చెయ్యి లాక్కుని పోగొట్టుకున్న ఆటలు ఉన్నాయి. నూట డెబ్బై ఒకటిలో తొమ్మిది, అంటే పంతొమ్మిదికి ఒకటి. ఆ చొప్పున నలభై ఒకటికి రెండు వస్తాయి. ఆ రెండూ నావే అనుకున్నాను. ఆ ఇరవై మూడు "చె"లలో మిగతావి నా గెలుపులు కావు. అలాగని బావ ఖాతాలోనూ వెయ్యలేను. అవి తేలలేదు, సగంలో ఆగాయి. మళ్ళీ ఆ బేరం దగ్గర్నుంచి కూర్చుని ఆడి తేల్చాలి.

పెట్టె సర్దాను. నలభై తొమ్మిది దిమ్మలతోనే ఆడిస్తాను. రేపు రైలు. బావతో ఆడాల్సినవి ఇవాళ్టికి ఇరవై ఒక్క ఆటలు.