గాటు పెట్టిన బట్ట

1983వ సంవత్సరం, జూన్ నెల చివర. ఆత్మకూరు బస్టాండు వెనక వీధిలో మేము అద్దెకుంటున్న ఇంటి ముందుగదిలో నా కుట్టుమిషను ఉండేది. మా ఆయన బస్సు కండక్టరు. ఉదయగిరి రూటులో డ్యూటీ పడితే ఆ రాత్రికి అక్కడే ఉండిపోయి మర్నాటికి వచ్చేవారు. నాకు కావలిలో బి.ఏ. పూర్తయి మూడేళ్ళు, ఒళ్ళో ఎనిమిది నెలల పాప. ఉద్యోగం రాలేదు. వచ్చినా పాపను వదిలి వెళ్ళే ధైర్యం నాకు లేదు. అందుకని పుట్టింట్లో, ఉదయగిరిలో, సెలవుల్లో నేర్చుకున్న కుట్టుపనినే వృత్తిగా పెట్టుకున్నాను. ఒక అట్టముక్క మీద ‘లేడీస్ టైలర్’ అని నేనే రాసి గుమ్మం పక్కన తగిలించాను.

మా పనిలో కుట్టడం కంటే కటింగు కష్టం. కుట్టు తప్పు పడితే విప్పుకోవచ్చు. కత్తెర తప్పు పడితే బట్ట పోయినట్టే. ఉదయగిరిలో నాకు పని నేర్పిన మస్తాన్ మాస్టరు కటింగుతో పాటు ఇంకొక విద్య కూడా నేర్పారు. అది గాటు. గిరాకీ, అంటే కుట్టించుకునే మనిషి, బట్ట ఇచ్చి అటు తిరగ్గానే దాని అంచున నాలుగు వేళ్ళంత లోపలికి కత్తెర దించి పక్కన పెట్టెయ్యడం.

“గాటు పడిన బట్టని ఇంకో టైలరు ముట్టుకోడు బేటీ. రేపు అది పొట్టయిందనో బిగువయిందనో పేరొస్తే వాడి నెత్తికే గదా చుట్టుకునేది? ఇంక గిరాకీ యాడికి పోతాది? పదిసార్లు తిరిగినా నీ కాడికే తిరగాల” అనేవారాయన.

నేను ఆ విద్యను మాత్రం బాగా ఒంటబట్టించుకున్నాను. ఆ జూన్‌లో నా ముందుగది తీగ మీద ముప్ఫైకి పైగా బట్టలు వేలాడుతుండేవి. అన్నింటికీ గాట్లున్నాయి. తేలికైన జాకెట్లు ఏ రోజుకారోజు కుట్టేసేదాన్ని. కొత్త రకం పని వస్తే గాటు పెట్టి, తీగకు తగిలించి, “గురువారం రండి” అనేదాన్ని. గురువారం వస్తే ఆదివారం అనేదాన్ని. పాపకు జలుబు, బొత్తాలు దొరకలేదు, మిషను బెల్టు జారుతోంది. ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. కత్తెర చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ పాప ఊపిరి తీస్తోందో లేదోనని లేచి వెళ్ళి చూసేదాన్ని. తిరిగొచ్చాక కత్తెర పట్టుకోబుద్ధయ్యేది కాదు.

పక్కవాటాలో ఉండే మా ఆడబిడ్డ సరోజనమ్మ ఆ తీగ వంక చూసి నవ్వేది. “బి.ఏ. చదివిన దానికి మిషను తొక్కను కాళ్ళొస్తాయా? ఆ అట్టముక్క పీకేసి ఇల్లు చూసుకోమ్మా” అనేది. నాకు రోషం వచ్చేది, మిషను ఇంకాస్త గట్టిగా తొక్కేదాన్ని.

ఆ రోజుల్లోనే వింజమూరు దగ్గరి పల్లెనుంచి మార్తమ్మ వచ్చింది. కూలి పనులకు పోయే మనిషి, నలభై ఏళ్ళుంటాయి. ఆమె కూతురు రూతుకు నెల్లూరులో ఒక ఆస్పత్రిలో నర్సు ట్రైనింగుకు సీటు వచ్చింది. మార్తమ్మ పదిన్నర మీటర్ల తెల్ల పాప్లిను, ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన కాగితం నా ముందు పెట్టింది. మూడు గౌన్లు. మోకాలు దిగాలి, చొక్కాకున్నట్టు కాలరు ఉండాలి, నడుముకు బెల్టు, రెండు పక్కలా జేబులు. చేరే రోజు ఉదయం తొమ్మిదికి యూనిఫారంతో హాజరు కావాలి, లేకపోతే సీటు తర్వాతి అమ్మాయికి ఇస్తారని కింద రాసి ఉంది.

నేనెప్పుడూ కాలరు కుట్టలేదు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. తల్లి వెంట వచ్చిన రూతు కొలతలు రాసుకుని, వాళ్ళు మెట్లు దిగకముందే బట్ట అంచున గాటు పెట్టేశాను.

ఆ తర్వాత మార్తమ్మ మూడు సార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఒకరోజు కూలి పోతుంది, పైగా బస్సు చార్జీ. నేను జలుబు గురించి చెప్పాను, బొత్తాల గురించి చెప్పాను. నాలుగోసారి శనివారం పన్నెండు గంటలకు కూతుర్ని, ట్రంకుపెట్టెను వెంటబెట్టుకుని వచ్చింది. రూతు సోమవారం పొద్దున నెల్లూరులో ఉండాలి.

“అయినాయా?” అంది.

తీగ మీద బట్టే జవాబు చెప్పింది.

“సరే. బట్ట ఇచ్చెయ్. బజార్లో ఇంకెవురన్నా కుడతారేమో చూస్తా.”

ఇచ్చాను. గాటు సంగతి చెప్పకుండా ఇచ్చాను. అరగంటలో తిరిగొచ్చింది. బట్టను మిషను మీద పరిచి గాటు దగ్గర వేలు పెట్టింది.

“ఇదేంది?”

నేను మిషను మీది కత్తెరను పక్కకు జరిపాను.

“ముగ్గురు టైలర్లకి చూపించినా. ముగ్గురూ ఇదే చూపించి పొమ్మన్నారు. నువ్వు కుట్టవు, ఇంకొకర్ని కుట్టనీవు. నా బిడ్డ సీటు మీద పెట్టినావమ్మా గాటు.”

ఆ తర్వాత ఆమె అరవలేదు. గుమ్మంలో కూర్చుంది. “నువ్వు కుట్టు. నేను ఈణ్ణే కూచోనుంటా” అంది.

“ఇప్పుడా? పాపకి పాలు పట్టాల.”

“పట్టు. పట్టి కుట్టు.”

“పాప చేతికి సూదులు అందుతాయి. దాన్ని చూసుకుంటా కటింగు చెయ్యలేను.”

రూతు పాపను చంకకు ఎత్తుకుంది. “నేను చూస్తా ఉంటా అక్కా, నువ్వు లేవబాక” అంది.

“ఇంకా అన్నం వండలా.”

“నాకు చేతుల్లేవా? బియ్యం యాడుండాయో చెప్పు.”

సాకులన్నీ అయిపోయాయి. ఒక్కటే మిగిలింది. “కాలరు నేనెప్పుడూ కుట్టలేదు మార్తమ్మా. నాకు రాదు.”

ఆమె కొంగు నడుముకు దోపుకుంటూ లేచింది. “ఇదా సంగతి? మొదటి తూరే చెప్పుంటే నా మూడు దినాల కూలి మిగిలేది గదమ్మా. నాట్లు ఎవురికి పుట్టంగానే వచ్చినాయి? కుట్టు. రాకపోతే విప్పు. మళ్ళా కుట్టు.”

నేను లోపలికి పోయి మా ఆయన పాత ఖాకీ చొక్కా తెచ్చి, కాలరు కుట్లు ఒక్కొక్కటీ విప్పాను. పదిహేను రోజులుగా నన్ను భయపెట్టిన కాలరు నాలుగు బట్టముక్కలు, మధ్యలో ఒక గట్టిగుడ్డ. అంతే. వాటిని కాగితం మీద పెట్టి గీసుకున్నాను. అదే నా పేపర్ ప్యాటర్న్. ముందు కాగితంతో నమూనా కత్తిరించి, దాన్ని బట్ట మీద పెట్టి కత్తిరిస్తే తప్పు పడే భయం తక్కువ. మాస్టరు దగ్గర విన్నమాటే, ఎప్పుడూ చెయ్యలేదు.

మొదటి గౌను కటింగు అవుతుండగా సరోజనమ్మ వచ్చి, లోపలినుంచి గరిటె చప్పుడు విని ఆగింది.

“వంటింట్లో ఎవురుండేది?”

“మార్తమ్మ, వదినా. నా గిరాకీ.”

“గిరాకీ అయితే అరుగు మీద కూచోవాల. వాళ్ళెవురో ఎరక్కుండానే పొయ్యి కాడికి రానిచ్చినావా?”

ఆ మాట లోపలికి వినిపించింది. గరిటె చప్పుడు ఆగిపోయింది. అంతవరకు ఆమెకు ఎప్పుడూ ఎదురు చెప్పినదాన్ని కాదు. ఆ రోజు కత్తెర చేతిలో ఉంది, బట్ట మధ్యదాకా తెగింది, ఆపడానికి వీల్లేదు.

“ఎరిగే రానిచ్చినా. ఆమె వండిందే ఈపూట నేను తినేది.”

“రేపు నీ మొగుడు ఉదయగిరినుంచి రానీ, చెప్తా.”

“చెప్పుకో వదినా. రేపు ఆయనకీ అదే పెడతా.”

ఆమె విసురుగా వెళ్ళిపోయింది. కాసేపటికి లోపల గరిటె మళ్ళీ కదిలింది.

మొదటి కాలరు వంకర వచ్చింది. విప్పాను. రెండోసారి ఒకవైపు మొన తేలింది. విప్పాను. మూడోసారి నిలబడింది. చీకటి పడేలోగా ఒక గౌను పూర్తయింది. ఆ ఇంటికి కరెంటు లేదు. దీపం వెలుతుర్లో తెల్లబట్ట కుట్టకూడదు, కుట్టు కనపడదు, మసి అంటుతుంది. అక్కడికి ఆపి, తల్లీ కూతుళ్ళకు ముందుగదిలో చాప వేశాను.

ఆదివారం తెల్లవారగానే కూర్చున్నాను. మార్తమ్మ ఆ పూట చర్చి మానుకుంది. రెండో గౌను తొమ్మిదింటికి అయింది. మూడోదానికి బట్ట పరచగానే కత్తెర పక్కన పెట్టేశాను. గౌను ఎలా వస్తుందో లెక్క చూసుకోకుండా నేను పెట్టిన గాటు ముందుభాగంలో, నడుము కింద పక్కకుట్టు దగ్గర పడింది. అటూ ఇటూ జరుపుదామంటే బట్ట సరిగ్గా సరిపోయేంతే ఉంది. ఒక నిమిషం, చెప్పకుండా రఫ్ చేసేద్దామనుకున్నాను. రఫ్ అంటే చిరుగు మీద దారంతో నేసినట్టు కలపడం. తెల్లబట్ట మీద అది నాలుగు ఉతుకుల్లో బయటపడుతుంది. ఆ పిల్ల నలుగురిలో తిరగాల్సిన బట్ట.

మార్తమ్మను పిలిచి చూపించాను. “ఈ తప్పు నాదే. దీనిమీద జేబు పెడితే కనపడదు, గట్టిగా కూడా ఉంటాది. అయితే ఈ గౌనుకి జేబులు రెండంగుళాలు కిందికి దిగుతాయి.”

మార్తమ్మ కూతురి వంక చూసింది. “ఏమే?”

“కాగితంలో జేబులుండాలన్నారు గాని యాడుండాలో చెప్పలా” అంది రూతు, పాపను ఊపుతూ. “కొంచెం వంగి చెయ్యి పెట్టుకుంటాలే అక్కా.”

వెనకనుంచి ఒక పట్టీ వేసి జేబు కుట్టాను. మూడుగంటలకు మూడు గౌన్లూ ఇస్త్రీ అయ్యాయి. ట్రంకుపెట్టెలో పెట్టేముందు రూతు ఒకటి తొడుక్కుని చూసుకుంది. భుజాల దగ్గర సరిగ్గా కూర్చుంది. ఆ పిల్ల నవ్వలేదు, వీపు మాత్రం నిటారుగా పెట్టింది.

నెల్లూరు బస్సెక్కే ముందు మార్తమ్మ నాతో అంది: “మంచిగా కుట్టినావు. ఇంత చాతనైనదానివి నన్నెందుకు అన్నిసార్లు తిప్పినావు?”

దానికి జవాబు తర్వాత చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. మా ఆడబిడ్డ అనుకున్నట్టు అది ఒళ్ళువంగకపోవడం కాదు. పొద్దస్తమానం ఏదో ఒకటి కుడుతూనే ఉండేదాన్ని. రాని పనిని రాదని ఒప్పుకోలేక గాటు పెట్టేదాన్ని. కత్తెర పెట్టాను గనక మొదలుపెట్టినట్టే అనిపించేది. ఆ అనిపించడంతోనే ఆ రోజుకు తృప్తి. గాటు గిరాకీని కట్టెయ్యడానికని మాస్టరు నేర్పారు, నేను దాంతో నా చేతులే కట్టేసుకున్నాను.

సోమవారం తీగ మీది బట్టలన్నీ దించాను. అవన్నీ అయ్యేదాకా కొత్తవి తీసుకోలేదు. దాదాపు నెల పట్టింది. తర్వాత కుట్టే రోజు పొద్దున తప్ప ఏ బట్టకూ కత్తెర తగలనివ్వలేదు. సంగతి విన్న మస్తాన్ మాస్టరు, “గాటు లేకపోతే గిరాకీ పారిపోతాది బేటీ” అని నవ్వారు. “పోనీండి మాస్టరూ” అన్నాను. కొందరు పోయారు కూడా. రూతు సీటు నిలబడింది. మార్తమ్మ వాళ్ళ పల్లెనుంచి ఆడవాళ్ళు రావడం మొదలైంది. “ఆ బి.ఏ. అమ్మ కాడికి పోండి, అయితే ముందర కూచోని కుట్టించుకోండి” అని చెప్పి పంపేదట. నాకు కోపం రాలేదు. ఒక పీట తెచ్చి మిషను ఎదురుగా వేశాను.

ఇంట్లో మిషను పెట్టుకున్న ఆడదానికి పైన అధికారి ఉండడు, గంట కొట్టేవాడు ఉండడు. అది కాలక్షేపమని చుట్టూ ఉన్నవాళ్ళు అనుకుంటారు. పిల్లల తల్లివి, నీకెందుకని అడుగుతారు. అననీండి. అది నా వృత్తి అని నేను ఎవరికీ రుజువు చెయ్యక్కర్లేదు, చెప్పిన రోజుకు ఇస్తే చాలు. తెలియని పని వస్తే ఇప్పుడు గుమ్మంలోనే చెబుతాను: “ఇది నాకు రాదు. నేర్చుకుని శుక్రవారానికి కుడతాను. ఇష్టమైతే ఇవ్వండి, లేకపోతే మడత విప్పకుండా తీసుకుపోండి.”

చాలామంది ఇచ్చే పోతున్నారు.